గూళ్లబండ ఎదుట

ఎదురుగా కొండ ఉండాల్సిన చోట పొగ ఉంది. మంచు కాదు, ఏప్రిల్‌లో మంచెక్కడిది. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు చెట్ల కింద ఎండుటాకులు కాల్చిన పొగ అది, గాలి లేక కిందికి దిగి, వాగునీ ఇసుకనీ అవతల ప్రాణహిత నదినీ ఒకే రంగు చేసి కదలకుండా పడుకుంది. ఆ పొగ వెనక ఎక్కడో గూళ్లబండ ఉంది. నిట్టనిలువుగా నిలబడిన ఎర్రరాతి కొండచరియ, దాని సందుల్లో రాబందుల గూళ్లు, గూళ్ల కింద సున్నం ఒలికినట్టు తెల్లటి చారలు. అన్నీ మమతారాణికి కళ్లు మూసుకున్నా కనిపిస్తాయి. కానీ ఈరోజు ఆమెకు కనిపిస్తే సరిపోదు, కమిటీకి కనిపించాలి. కాగజ్‌నగర్ గెస్ట్‌హౌస్ నుంచి వాళ్లు బయల్దేరారని ఆమె దారిలో ఉండగానే ఫోన్ వచ్చింది, ఆ తర్వాత సిగ్నల్ పోయింది. ఆమె వేసిన కేసులో ట్రిబ్యునల్ పంపిన మనుషులు. వస్తారు, చూస్తారు, ఇక్కడ రాబందులు ఉన్నాయో లేవో రాసుకుని పోతారు. ఉంటే కొండ వెనక కంకర క్వారీలో పేలుళ్లు ఆగుతాయి. లేకపోతే క్వారీ వాళ్ల వకీలు రెండేళ్లుగా అంటున్న మాటే నిజమవుతుంది, ఆ చారలు పాతవి, పక్షులు ఎప్పుడో లేచిపోయాయి, మాజీ ఎమ్మెల్యేగారు ఖాళీ కొండకు కాపలా కాస్తున్నారు.

ఆమె కూర్చున్న బండ ఇంకా చల్లగా ఉంది. చీర మీదుగా ఆ చల్లదనం నెమ్మదిగా ఒంట్లోకి ఎక్కుతుంటే నిద్ర వస్తున్నట్టూ ఉంది, రానట్టూ ఉంది. మూడు కాళ్ల దుర్భిణి పక్కన పెంపుడు కొంగలా నిలబడి ఉంది. దాని అవతల సాంబయ్య, ఫారెస్టు వాచర్, వేపపుల్ల నములుతూ పొగవైపు చూస్తున్నాడు. ఈ ఏడాది చరియ మీద మిగిలింది ఒక్క రాబందు పిల్ల. పేలుళ్లకు బెదిరి మిగతా జంటలు గుడ్లు పెట్టకుండానే వెళ్లిపోయాయి. ఈ ఒక్కటీ కూడా ఎగిరిపోయే ఈడుకు వచ్చింది. “నిన్ననే ఎగుర్తదనుకున్నమ్మా,” అన్నాడు సాంబయ్య పుల్ల తీసి. “ఎగరలే. అంచుదాంక వచ్చి, కిందికి జూసి, మళ్ల ఎనుకకు పోయింది. భయపడ్డదేమో.” మొన్న కూడా అతను అలాగే అనుకున్నాడు. అతని అంచనా ఒక్కటీ నిజం కాలేదు, అయినా ప్రతి పొద్దూ కొత్తగా చెబుతాడు. “తల్లి?” అని అడిగింది. “రాలే. నిన్న పోయింది, ఇంక రాలే. మహారాష్ట్ర దిక్కు పోయిండొచ్చు తిండికి. ఎండెక్కి, గాలి లేస్తెనే గవి తేలుతయి.” ఎండ ఎక్కాలి. పొగ విడవాలి. తల్లి రావాలి. పిల్ల లేవాలి. ఎన్నికల్లో కూడా ఇన్ని కలిసిరావాలని ఎప్పుడూ కోరుకోలేదు ఆమె.

ఇప్పపువ్వు వాసన గాలి లేకపోయినా వస్తోంది, తియ్యగా, కొంచెం పులిసినట్టు. ఆ వాసనకు ఎప్పుడూ ఒకటే గుర్తొస్తుంది, కాగజ్‌నగర్ కాగితం మిల్లు క్వార్టర్లు, సెలవురోజున ఆరుబయట మంచం మీద బాపు. అంతకుముందు వాళ్లది మెట్‌పల్లి. ఇంట్లో సగం మగ్గమే ఉండేది. ఆమెకు ఊహ తెలిసీ తెలియని రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇంటి పెంకుల మీద రాబందు వాలింది. ఎందుకు వాలిందో ఎవరికి తెలుసు, పక్క ఊళ్లో ఏ గొడ్డో చచ్చి, తిని, బరువెక్కి ఎగరలేక వాలి ఉంటుంది. వాడకట్టంతా గుమిగూడింది. అవ్వ, ఆమె కన్నతల్లి సక్కుబాయి, మెతుకులు అంటిన చేతులతోనే వాకిట్లోకి వచ్చి పైకి చూసి అక్కడే కూలబడింది. రాబందు వాలిన ఇంట్లో ఉండకూడదు. ఆరు నెలలు ఇల్లు పాడుబెట్టాలి అన్నారు, కాదు సంవత్సరం అన్నారు. అవ్వ ఏడుస్తూనే ఉంది, బాపు మాత్రం ఏమీ అనకుండా సామాను సర్దాడు. కాగజ్‌నగర్‌లో తెలిసినవాళ్లు మిల్లు పని ఉందంటే రైలెక్కాడు. మళ్లీ మెట్‌పల్లి మగ్గం వైపు చూడలేదు. చాలా ఏళ్ల తర్వాత, పెన్షన్ రోజుల్లో, అదే ఇప్పపువ్వు వాసనలో, అవ్వ లోపల ఉండగా గొంతు తగ్గించి నవ్వాడు బాపు కైలాసం. “మగ్గం మీద తిండి ఎల్తలేదు బిడ్డా. పోదామంటె మీ అవ్వ కదిలేదా? అత్తగారిల్లు, అత్తగారిల్లు అని పట్టుకొని కూసునేది. గా పక్షి వచ్చి నన్ను బయట పడేసింది. దానికి దండం పెట్టాలె నేను.” లోపల్నుంచి అవ్వ, “ఏమంటుండు మీ బాపు?” అని అడిగితే, “ఏం లేదవ్వా,” అని ఇద్దరూ నవ్వారు. ఆ పక్షి వాలకపోతే మిల్లు లేదు, మిల్లు బడి లేదు, గేటు మీటింగుల్లో బాపు భుజాల మీద ఎక్కి ఆమె పాట పాడటం లేదు. పాటను విని చప్పట్లు కొట్టిన జనమే కదా తర్వాత మాటను విని చప్పట్లు కొట్టింది.

చప్పట్లు. పొగలో కూడా వినిపిస్తాయి అనుకుంటే. ఎంపీటీసీ, ఎంపీపీ, ఎమ్మెల్యే, ఒక్కో మెట్టుకూ ఒక్కో రకం చప్పుడు. మిల్లు మూతబడినప్పుడు, క్వార్టర్లలో పొయ్యి వెలగని రోజుల్లో, ఊరేగింపు ముందు నడిచింది ఆమే. తిరిగి తెరిచిన రోజు చిమ్నీలో పొగ చూసి పెద్దవాళ్లు రోడ్డు మీద ఏడ్చారు, ఒక ముసలాయన ఆమె చేతులు పట్టుకుని వదలలేదు. ఆ రోజు ఆమెకు తెలిసింది, పదవి అంటే కారు కాదు, మైకు కాదు, ఇట్లా ఎవరో చేయి పట్టుకుని వదలకపోవడం. అది పోయాక చేతులు తేలికై ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. ఓడిపోయిన మర్నాడు వరండాలో కుర్చీలు అలాగే ఉన్నాయి, మనుషులే లేరు. భర్త లక్ష్మీరాజం, బడిపంతులుగా రిటైరైనవాడు, ఆ కుర్చీలన్నిటినీ ఒకదానిలో ఒకటి పెట్టి మూలకు నెట్టి, ఒక్కటి మాత్రం ఉంచి, “గిది నాకు,” అని పేపరు పట్టుకుని కూర్చున్నాడు. నవ్వించాలనే చేశాడు. ఆమె ఆ సాయంత్రం దాకా నవ్వలేదు.

ఓడిపోయింది ఈ పక్షుల వల్లే అంటారు అందరూ. అనరా మరి. ఎమ్మెల్యేగా ఉన్నప్పుడే కదా మొదటిసారి వచ్చింది ఇక్కడికి, పడవలో తప్ప చేరలేని ఊళ్లకు పోతూ. పడవ ఇంజను చెడి, బాగుచేసేవాడు వచ్చేదాకా ఇదే బండ మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నం. కార్యకర్తలు గొడుగులు పట్టారు, కొబ్బరిబోండాలు కొట్టారు, ఎవరో ఫోన్‌లో గట్టిగా అరుస్తున్నారు. అప్పుడు తల మీదుగా ఏదో వెళ్లింది. రెక్క కొట్టలేదు. చప్పుడు లేదు. తలెత్తి చూస్తే ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి, ఆకాశంలో ఎవరో నెమ్మదిగా తిప్పుతున్నట్టు. ఆమె చెయ్యెత్తితే అందరూ మాట ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో, ఎన్నో ఏళ్ల తర్వాత, తన ఊపిరి తనకు వినిపించింది. పక్కనున్న ఫారెస్టు అధికారి చెప్పాడు, ఒకప్పుడు ఊరూరా ఉండేవి మేడం, గొడ్లకు నొప్పి తగ్గడానికి వేసే సూది మందు, ఆ గొడ్డు చచ్చాక తిని ఇవన్నీ చచ్చాయి, ఇక్కడ మాత్రం మిగిలాయి. ఇంటి మీద వాలిందని ఊరొదిలి వచ్చిన కుటుంబం ఆమెది. అలాంటి పక్షికి ఇప్పుడు వాలడానికి ఇల్లు లేదు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. అసెంబ్లీలో మాత్రం లేచి రాబందుల గురించి ప్రశ్న అడిగింది. సభ నవ్వింది. సొంత పార్టీ వాళ్లే బల్లలు చరిచి నవ్వారు. ఆ నవ్వు ఆమెను ఊళ్ల మీదికి తరిమింది. మందుల దుకాణాలకు పోయింది, పశువుల డాక్టర్ల దగ్గర కూర్చుంది, ఆ సూది బదులు ఇంకో సూది వాడమని కుల సంఘాల్లో, సంతల్లో చెప్పింది. ఎన్నికలొచ్చాయి. శవాలు తినే పక్షికి మొక్కే ఎమ్మెల్యే మనకెందుకు అని అవతలివాళ్లు ఇంటింటికీ తిరిగారు. రాబందుల మమత. ఆ పేరు అంటుకుపోయింది. లక్ష్మీరాజం ఒకటే అన్నాడు, “పోయి పోయి ఓట్లు లేని జనాన్ని పట్టుకున్నవు.”

వెనక జీపు ఆగిన చప్పుడు. కమిటీ అప్పుడే వచ్చిందా అని వెనక్కి తిరిగింది. కాదు, దిగింది అరుణ్‌కుమార్. తెల్ల చొక్కా, కొత్త బూట్లు, ఇసుకలో నడవడం రాక తడబడుతూ వస్తున్నాడు. ఆమె ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు పీఏ, ఆమె ఫోన్లు ఆమెకన్నా ముందు ఎత్తినవాడు, ఆమె అన్నం తినకపోతే తినలేదని లక్ష్మీరాజంకు చెప్పినవాడు. ఇప్పుడు పార్టీలో జిల్లా నాయకుడు, క్వారీ వాళ్లకు కావలసినవాడు. కమిటీ ముందు క్వారీ తరఫున నిలబడడానికే వచ్చాడు, ముందుగా వచ్చింది మాత్రం ఆమె కోసం. నిన్న కరీంనగర్‌లో పార్టీ మీటింగ్ అయిందని ఆమెకు తెలుసు. ఏం అయిందో అతని ముఖంలోనే ఉంది.

“అక్కా, మంచిగున్నవా,” అని బండ అంచున కూర్చున్నాడు, ప్యాంటు నలగకుండా చూసుకుంటూ. “నిన్న నీ పేరే అనుకున్నరు. మన పార్టీ అధ్యక్షుడే సొంతంగ అన్నడు. టికెట్ మమతమ్మకే ఇద్దాం, జనం మర్చిపోలే అన్నడు.” అతను గొంతు తగ్గించాడు. “గీ కేసు ఒక్కటే అడ్డం. వాపస్ తీసుకొమ్మని కూడ అంటలేరు. ఊకుంటె చాలు. గీ పొగల ఇయ్యాల వాళ్లకేం కనవడదు. లెవ్వని రాసుకొని పోతరు. నువ్వేం జేసినట్టు కాదు, తప్పు నీ మీదికి రాదు. సమజైందా అక్కా?” సాంబయ్య లేచి, వాళ్ల మాటలు వినడం ఇష్టం లేనట్టు వాగులోకి దిగి ముఖం కడుక్కుంటున్నాడు. “పక్షుల కోసం గంత పెద్ద అవకాశం ఇడ్సిపెడ్తవా?” అన్నాడు అరుణ్. బెదిరింపు లేదు ఆ గొంతులో, బతిమాలడమే ఉంది. అదే కష్టంగా ఉంది ఆమెకు. “వాళ్లు రానీ,” అంది. “వాళ్లు వచ్చినంక చూద్దాం.” కాదు అనలేదు. అనలేదని ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. అతను తృప్తిగా లేచి జీపు దగ్గరికి పోయాడు.

ఎందుకు కాదు అనలేకపోయింది. వరండాలో కుర్చీలు మళ్లీ పరుచుకుంటాయి కనుక. కాగజ్‌నగర్ బస్టాండులో ఎవరో అమ్మా అని చేయి పట్టుకుంటారు కనుక. ఎమ్మెల్యే అయితే ఈ అడవికి కూడా ఏదైనా చేయొచ్చు కదా, అని ఒక గొంతు. ఏం చేస్తావు, సభలో అడిగితే నవ్వారు కదా, అని ఇంకొకటి. రెండూ తన గొంతులే, రెండూ మైకులో మాట్లాడినట్టే ఉన్నాయి, వాటి మధ్య ఎక్కడో బాపు మంచం కిర్రుమంటోంది. పొగ తన పక్షానే ఉన్నట్టుంది, ఎంత దయగా ఉంది, ఎంత మెత్తగా అన్నిటినీ కప్పింది, ఏమీ చేయనక్కర్లేదు, కొంచెం నిద్రపోతే చాలు, లేచేసరికి కొండ ఉండదు, చేతినిండా చేతులుంటాయి. వాగులో నీళ్లు రాళ్ల మధ్య చిన్నపిల్లల్లా ఏదో తమలో తాము చెప్పుకుంటున్నాయి. కొంగ ఒకటి లేచి రెండు అడుగుల అవతల వాలింది. పొగలో ఒకచోట పసుపు రంగు తేలింది, సూర్యుడన్నమాట, అక్కడున్నాడు. ఆ చరియ సందులో, ఆకలితో, ఒక పిల్ల కూడా ఆ పసుపునే చూస్తూ ఉంటుంది. అంచుదాకా వచ్చి వెనక్కి పోయిందట. ఆమె కూడా అంతే కదా ఇప్పుడు చేసింది, అంచుదాకా వచ్చి.

“అమ్మా, వచ్చిండ్రు,” అన్నాడు సాంబయ్య.

రెండు బండ్లు. దిగినవాళ్లలో కమిటీ పెద్దాయన సన్నగా, పొడుగ్గా, ఎండకు టోపీ పెట్టుకుని ఉన్నాడు. ఆయన వెంట కాగితాలు పట్టుకున్న ఇద్దరు, ఫారెస్టు రేంజర్, చివరగా క్వారీ మేనేజరు. నమస్కారాలు అయ్యాయి. పెద్దాయన దుర్భిణికి కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. పొగ పలుచబడింది, కానీ పోలేదు. చరియ నీళ్లలో వేసిన బొమ్మలా కనబడుతోంది, గూడు ఉన్న సందు నల్లటి మచ్చ. అందులో కదలిక లేదు. పిల్ల లోపల ఆనుకుని పడుకుని ఉండాలి, లేదా పొద్దున్నే, ఎవరూ చూడకుండా, ఎగిరిపోయి ఉండాలి, లేదా, అంతకన్నా ఘోరం, పడిపోయి ఉండాలి. ఆమె వంగి చూసింది. మచ్చ. మళ్లీ చూసింది. “ఇవి పాత చారలే సార్,” అన్నాడు మేనేజరు వినయంగా. “మేము ఎప్పట్నుంచో చెప్తున్నం.” పెద్దాయన ఇంకోసారి కన్ను ఆనించి చూసి, తర్వాత నడుము నిటారు చేసి, జేబులోంచి పెన్ను తీశాడు. “మాకు కనిపించింది మాత్రమే రాస్తామమ్మా. ఇంకా ఒక చోటికి వెళ్లాలి మేము. ఏమంటారు, బయల్దేరమంటారా?”

ఆమెనే అడిగాడు. అందరూ ఆమెవైపే చూస్తున్నారు, రేంజరు, సాంబయ్య, మేనేజరు, జీపుకు ఆనుకుని నిలబడిన అరుణ్. ఇన్నేళ్లలో ఎన్ని వేల ముఖాలు ఇట్లా తనవైపు తిరిగి ఉంటాయి, ఆ తిరగడం కోసమే కదా ఇదంతా. తల ఊపితే చాలు. నోరు తెరవక్కర్లేదు కూడా. ఊపింది అనుకుంది, మెడ కదల్లేదు. నోరు తెరుచుకుంది, ఉపన్యాసం వస్తుందనుకుంది, చట్టం, అడవి, రేపటి తరాలు, వేదికల మీద వందసార్లు అన్న మాటలు. అవేవీ రాలేదు. మిల్లు క్వార్టర్లలో వాకిట్లో పక్కింటివాళ్లను ఆపినట్టు, “జర ఆగుండ్రి సార్,” అంది. “తల్లి రాలే ఇంక. ఎండెక్కితే వస్తది. గంత దూరం వచ్చిండ్రు, జరసేపు కూసోండ్రి.” పెద్దాయన ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత టోపీ తీసి బండ మీద పెట్టి, దాని పక్కన తాను కూర్చున్నాడు. అరుణ్ కళ్లు మూసుకోవడం ఆమె చూసింది. దూరంగా ఏదో మూసుకున్నట్టు, ఏదో తెరుచుకున్నట్టు రెండూ ఒకేసారి అనిపించి, ఆమె కూడా కూర్చుంది.

ఎంతసేపైందో తెలియదు. రాయి వేడెక్కడం మొదలైంది. చెంప మీద గాలి తగిలింది, మొదట సందేహంగా, తర్వాత నిజంగానే. పొగ చిన్నచిన్న ముక్కలుగా విడిపోయి నది మీదుగా అవతలి రాష్ట్రం వైపు నడిచిపోతోంది. మేనేజరు ఫోన్‌లో సిగ్నల్ కోసం చేయి పైకెత్తి తిరుగుతున్నాడు. కాగితాలు పట్టుకున్నవాళ్లు వాగు దగ్గర నీళ్లు తాగుతున్నారు. ఆమె కళ్లు మూతలు పడ్డాయి.

“అక్కా! అక్కా గదిగో!”

అరిచింది అరుణ్. జీపు దగ్గర్నుంచి పరిగెత్తుకొస్తున్నాడు, కొత్త బూట్లు ఇసుకలో కూరుకుపోతుంటే ఒకటి ఊడిపోయినా ఆగకుండా, చేయి ఆకాశంలోకి చాచి, చిన్నప్పుడు గాలిపటం తెగినప్పుడు పరిగెత్తినట్టు. “గదిగో, నది మీంచి, ఎంత పెద్దగుందే! వస్తుంది, గూట్లెకే వస్తుంది! పిల్ల లేసింది అక్కా, పిల్ల లేసింది, రెక్కలు జూడు!” అందరూ లేచారు. పెద్దాయన టోపీ మర్చిపోయి దుర్భిణి దగ్గరికి పోయాడు. ఎండ పడిన చరియ మీద, మెడ కిందికి వంచి, రెక్కలు సగం ముడిచి తల్లి వాలింది. సందులోని నల్లటి మచ్చ లేచి నిలబడి, రెక్కలు తపతపా కొట్టుకుంటూ దాని మీద పడింది. కన్ను తీయకుండానే పెద్దాయన చేయి వెనక్కి చాచాడు, ఒకతను ఆ చేతిలో కాగితం పెట్టాడు. “జంటలో ఒకటి, పిల్ల ఒకటి, సజీవమైన గూడు,” అని ఆయన పైకే చెప్పుకుంటూ రాశాడు. “మొదట చూసింది ఎవరు?” అని అడిగాడు. మేనేజరు అరుణ్ వైపు చూస్తున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది అరుణ్‌కు తాను ఎవరి తరఫున వచ్చాడో. చేయి ఇంకా గాల్లోనే ఉంది, దాన్ని మెల్లగా దించుకున్నాడు. మేనేజరు వెళ్లి బండిలో కూర్చుని తలుపు గట్టిగా వేసుకున్నాడు. “నా పని అయిపోయింది పో,” అన్నాడు అరుణ్, ఒంటికాలి బూటుతో నిలబడి, ఏడుపో నవ్వో తెలియని ముఖంతో. “నేనెందుకు మొత్తుకున్న అక్కా?” తన టికెట్ పోయింది, పార్టీలో అతని చోటూ పోయింది, ఆ వరండా అలాగే ఉంటుంది, బాధగానే ఉంది, లేదనుకోవడం అబద్ధం. ఆ బాధ పక్కనే, గాలిలో తేలుతున్నట్టు, ఇంకేదో కూడా ఉంది. పెద్దాయన రాసుకోవడం ముగించి పక్కకు జరిగాడు. దుర్భిణి ఖాళీగా ఉంది. ఆమె దాని ముందుకు రాబోయి ఆగింది.

“జర జరుగు అక్కా,” అన్నాడు అరుణ్ ముక్కు తుడుచుకుంటూ. “నన్నొక్కసారి జూడనీ.”

ఆమె జరిగింది. అతను వంగి, కన్ను ఆనించాడు. తర్వాత, చెవిలో చెప్పినట్టు మెల్లగా, “తినిపిస్తుంది అక్కా,” అన్నాడు.